యాత్ర ఫోటోలు, టికెట్లు, మ్యాపులు స్క్రాప్‌బుక్‌లో పెట్టాలి: ఏ కాగితం, ఏ జిగురు, ఏది ముందు?

ఊరూరా

వారం రోజుల కుటుంబ యాత్ర జ్ఞాపకాలన్నీ ఒక స్క్రాప్‌బుక్‌గా చేయాలనుకుంటున్నాను. చేతిలో ఉన్నవి: మూడు ఫోన్లలో కలిపి తొమ్మిది వందల దాకా ఫోటోలు, బోర్డింగ్ పాసులు, మ్యూజియం టికెట్లు, హోటల్ బిల్లులు, మడతలు పడ్డ పెద్ద మ్యాపు ఒకటి, పిల్లలు దారిలో స్కెచ్ పెన్నులతో వేసిన బొమ్మలు, కొన్ని ఆకులు, గవ్వలు. వీటితో పాటు అమ్మానాన్నల నాటి యాత్ర ఆల్బమ్ కూడా ఉంది. ప్లాస్టిక్ పొర పైకెత్తి, జిగురు పేజీ మీద ఫోటో పెట్టి, మళ్లీ పొర మూసే రకం. పేజీలు పసుపు పచ్చగా మారాయి, ఫోటోలు ఊడి రావడం లేదు.

నా సందేహాలు:

1. ప్రతి కాగితం మీదా "యాసిడ్-ఫ్రీ" అనే రాసి ఉంటోంది. ఆ మాట నమ్మవచ్చా? ఏ మందం తీసుకోవాలి?
2. టికెట్లు, బోర్డింగ్ పాసులు లామినేట్ చేయించేస్తే పాడవకుండా ఉంటాయా?
3. పాత ఆల్బమ్‌లోంచి ఫోటోలు చిరగకుండా తీయడం ఎలా?
4. పేజీ ఏ సైజు? ఒక్కో పేజీకి ఎన్ని ఫోటోలు?

అలంకారాల మీద పెద్దగా మోజు లేదు. పిల్లలు పెద్దయ్యాక కూడా తీసి చూసుకునేలా మన్నితే చాలు.

కత్తెర_కాగితం

ముందు రెండో ప్రశ్నకి చెప్తాను, ఎందుకంటే మిగతావి ఆగుతాయి గానీ అది ఆగదు. లామినేషన్ వద్దే వద్దండి. బోర్డింగ్ పాసులు, బిల్లులు, ఇప్పటి టికెట్లు చాలావరకు థర్మల్ కాగితం మీద వస్తాయి. ఆ కాగితంలో సిరా ఉండదు. పైపూతలోనే రంగు మారే రసాయనం కలిసి ఉంటుంది, ప్రింటర్ వేడి తగిలిన చోట నల్లబడుతుంది. లామినేటర్ వేడి 100 డిగ్రీలు దాటుతుంది కాబట్టి టికెట్ మొత్తం నల్లగా అయిపోతుంది. చల్లగా అంటించే లామినేషన్ కూడా మంచిది కాదు. ఆ జిగురు తగిలితే అక్షరాలు క్రమంగా వెలిసిపోతాయి. పైగా లామినేషన్ ఏ రకమైనా మళ్లీ విప్పడం కుదరదు.

మీ దగ్గర ఉన్నది థర్మల్ కాగితమో కాదో తెలుసుకోవాలంటే, ఏమీ రాసి లేని మూల మీద గోటితో ఒకసారి గట్టిగా, వేగంగా గీయండి. బూడిద రంగు గీత పడితే థర్మలే. అలాంటివన్నీ వేరు చేసి ఈ రోజే స్కాన్ చేయండి, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) సరిపోతుంది. ఆ స్కాన్‌ని మంచి కాగితం మీద అసలు సైజులోనే ప్రింట్ తీసి పేజీ మీద పెట్టండి. అసలుది ఒక కాగితం కవర్లో వేసి ఆల్బమ్ చివర ఉంచవచ్చు. అది ఏనాటికైనా తెల్లబడుతుందని ముందే అనుకోండి. ఎండ, వేడి, చేతి నూనె, శానిటైజర్, మెత్తటి పీవీసీ ప్లాస్టిక్, సెల్లో టేపు, ఇవన్నీ దాన్ని చెరిపేసేవే. సెల్లో టేపు వేసిన చోట మాత్రమే అక్షరాలు మాయమైన బిల్లులు అందరి ఇళ్లలోనూ కనిపిస్తాయి. వాటిని పట్టుకున్నాక చేతులు కడుక్కోవడం కూడా మంచిది, ఆ పూతలో చాలాసార్లు బిస్‌ఫినాల్ రకం రసాయనాలు ఉంటాయి.

ఇక కాగితం. "యాసిడ్-ఫ్రీ" ఒక్కటే చూస్తే చాలదు. చెక్క గుజ్జుతో చేసిన నాసిరకం కాగితానికి సుద్ద లాంటి క్షారం కలిపితే కొన్న రోజున ఆమ్లం కనిపించదు. లోపల లిగ్నిన్ (చెక్కలో సహజంగా ఉండే పదార్థం) ఉంటే మాత్రం ఏళ్లు గడిచే కొద్దీ అది విచ్ఛిన్నమై మళ్లీ ఆమ్లం పుడుతుంది, కాగితం పచ్చబడి పెళుసవుతుంది. వార్తాపత్రిక ఎండలో రెండు రోజులకే రంగు మారేది ఆ లిగ్నిన్ వల్లే. అందుకని "యాసిడ్-ఫ్రీ", "లిగ్నిన్-ఫ్రీ" రెండూ రాసి ఉన్నదే తీసుకోండి. ఫోటోలకి నేరుగా తగిలే కాగితం, కవర్లు, జిగురు అయితే ఇంకో గుర్తు కూడా వెతకండి: పీఏటీ (ఫోటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్) పాస్ అని, లేదా ఐఎస్ఓ 18916 అని. ఆ పరీక్షలో వస్తువుని ఫోటో పొరల లాంటి వాటికి తాకేలా పెట్టి 70 డిగ్రీల వేడిలో, 86 శాతం తేమలో 15 రోజులు ఉంచుతారు. మరక పడినా, రంగు వెలిసినా ఆ వస్తువు ఫోటోలకి పనికిరాదని తేల్చేస్తారు. డబ్బా మీద "ఆర్కైవల్" అని రాసుకోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు, ఆ మాటని పట్టించుకోకండి.

ఇంట్లో ఉన్న కాగితం సంగతి తేల్చుకోవాలంటే పీహెచ్ పెన్ను దొరుకుతుంది. మూల మీద చిన్న గీత గీస్తే ఊదా రంగు వస్తే ఫర్వాలేదు, పసుపు వస్తే ఆమ్లం ఉన్నట్టు. ఇది తెల్ల కాగితం, లేత రంగు కాగితాలకే పనికొస్తుంది. లిగ్నిన్ సంగతి చెప్పదు.

మందం విషయానికొస్తే పేజీకి 200 నుంచి 220 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కార్డ్‌స్టాక్ సరిగ్గా ఉంటుంది. 120 జీఎస్ఎమ్ అయితే నాలుగు ఫోటోలు పెట్టేసరికి వంగిపోతుంది. 300 అయితే నాలుగైదు పేజీలకే ఆల్బమ్ బరువెక్కుతుంది. ముదురు ఎరుపు, నలుపు కాగితాలు తేమకి రంగు దిగే అవకాశం ఎక్కువ. తడి దూదిని మూల మీద ఒక నిమిషం అదిమి చూడండి, దూదికి రంగు అంటితే ఆ కాగితం ఫోటో పక్కన వద్దు.

జిగుర్లలో వాడకూడనివి ముందు: సెల్లో టేపు, రబ్బర్ సిమెంట్ అనే రబ్బరు జిగురు, గ్లూ గన్, నీళ్లగా ఉండే తెల్ల జిగురు. తెల్ల జిగురులో నీళ్లుంటాయి కాబట్టి కాగితం అలలు అలలుగా లేస్తుంది. రబ్బర్ సిమెంట్ ఆరాక కొన్నేళ్లకి గోధుమ రంగు మరక పెట్టి పట్టు వదిలేస్తుంది. కాపీలు, అలంకరణ కాగితాలు, రాత కార్డులు అంటించడానికి యాక్రిలిక్ జిగురున్న ఫోటో టేపు వాడండి. అసలు ఫోటోలకి, అసలు టికెట్లకి మాత్రం జిగురే తగలనివ్వకండి. వాటికి ఫోటో కార్నర్లే (ఫోటో మూలలకి తొడిగే, వెనక జిగురున్న చిన్న త్రికోణపు జేబులు) దిక్కు.

కార్నర్లు పెట్టడంలో చాలామంది తప్పు చేసేది ఒక్క చోట. పేజీ మీద నాలుగు కార్నర్లు ముందు అంటించి, తర్వాత ఫోటో దూర్చబోతారు. ఎక్కడో ఒక మిల్లీమీటరు తేడా వస్తుంది, ఫోటో మూల మడత పడుతుంది. అలా కాకుండా ఫోటో నాలుగు మూలలకీ కార్నర్లు తొడిగేయండి. తర్వాత ఒక్కో కార్నర్‌నీ వెంట్రుకవాసి బయటికి లాగి, ఫోటో లోపల కొద్దిగా కదిలేలా వదులు ఇవ్వండి. ఇప్పుడు వెనక పొర తీసి, ఫోటోతో సహా పేజీ మీద పెట్టి, కార్నర్ల మీద మాత్రమే వేలితో నొక్కండి. ఆ వదులు ఎందుకంటే, తేమ పెరిగినప్పుడు ఫోటో, పేజీ ఒకే కొలతలో సాగవు. బిగుతుగా ఉంటే ఫోటో మధ్యలో ఉబ్బుతుంది, కవర్‌కి తగులుతుంది, అక్కడ మెరుపు మచ్చ పడుతుంది.

పాతపెట్టె

మూడో ప్రశ్న నేను తీసుకుంటాను.

ఆ ఆల్బమ్ పేజీ అట్టలో ఆమ్లం, పైన చారలు చారలుగా జిగురు, దాని మీద ప్లాస్టిక్ పొర, అది చాలావరకు పీవీసీ. ఏళ్లు గడిస్తే జిగురు పచ్చబడి రెండు రకాలుగా చెడుతుంది. కొన్ని పేజీల్లో ఎండిపోయి ఫోటోలు వాటంతటవే రాలిపోతాయి, కొన్నింట్లో గట్టిపడి అసలు వదలదు. మీవి రెండో రకం.

తీయడానికి ముందు ప్రతి పేజీకీ ఉన్నది ఉన్నట్టు ఒక ఫోటో తీయండి. ఏ ఫోటో పక్కన ఏది ఉంది, ఎవరు ఏం రాశారు, ఆ వరసే సగం సమాచారం. విప్పేశాక అది మళ్లీ దొరకదు. ఇంకా ధైర్యం చాలకపోతే పేజీ మొత్తాన్ని 600 డీపీఐలో స్కాన్ చేసి పెట్టుకోండి, ఫోటో చిరిగినా బొమ్మ మిగులుతుంది.

తర్వాత ప్లాస్టిక్ పొరని మూల నుంచి మెల్లగా, పేజీకి దగ్గరగా వెనక్కి మడుస్తూ లాగండి. పైకి నిటారుగా లాగకండి. పొర ఫోటో ముఖానికే అతుక్కుని ఉంటే అక్కడితో ఆపేయండి. దాన్ని పీకితే బొమ్మ కూడా పొరతో వచ్చేస్తుంది. అలాంటి ఫోటోని స్కాన్ చేసి, అసలుది అలాగే ఉంచడమే మేలు.

పొర మామూలుగా వచ్చేస్తే మైనం పూయని డెంటల్ ఫ్లాస్ ఒకటిన్నర అడుగు తీసుకుని రెండు చూపుడు వేళ్లకి చుట్టండి. ఫోటో ఒక మూల కిందికి దూర్చి, దారాన్ని పేజీకి ఆనించి, రంపం కోసినట్టు అటూ ఇటూ లాగుతూ ఎదుటి మూల దాకా రండి. జిగురు చార దగ్గర ఆగుతుంది, అక్కడ బలం పెంచకండి, వేగం కూడా పెంచకండి. దారాన్ని పేజీ వైపు నొక్కుతూ పోతే అట్ట పొర చీలుతుంది గానీ ఫోటోకి ఏమీ కాదు. ఫోటోని పైకి వంచడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వంచితే ముఖం మీద సన్నటి పగుళ్లు వస్తాయి, అవి ఇక పోవు.

ఫ్లాస్ కదలకపోతే పేజీ వెనక వైపు నుంచి హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో, ఒక అడుగు దూరం నుంచి, ఒకే చోట ఆపకుండా కొన్ని సెకన్లు తిప్పి మళ్లీ ప్రయత్నించండి. ఇన్‌స్టంట్ కెమెరా ఫోటోలకి వేడి పెట్టకండి. నూనెలు, స్టిక్కర్లు తీసే ద్రావకాలు ఏ ఫోటోకీ వద్దు, అవి కాగితంలోకి దిగి ముందు వైపు మరకగా తేలతాయి.

అప్పటికీ రాకపోతే ఆ ఫోటో చుట్టూ పేజీ అట్టని కత్తిరించి, అట్టతో సహా బయటికి తీయండి. వెనక జిగురు తడితడిగా ఉంటే యాసిడ్-ఫ్రీ పల్చటి కాగితం ఒకటి వెనక అద్దేయండి, పక్క ఫోటోకి అంటుకోకుండా ఉంటుంది.

ఫోటోల వెనక రాసేటప్పుడు బాల్ పెన్ను వాడకండి. ఒత్తిడికి ముందు వైపు గాడి తేలుతుంది, సిరా పక్క ఫోటోకి అంటుతుంది. ఇప్పటి ప్రింట్ల వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి పెన్సిల్ కూడా పట్టదు. పిగ్మెంట్ సిరా ఉన్న 0.5 పెన్నుతో అంచున చిన్నగా రాసి, పది నిమిషాలు బోర్లా పెట్టి ఆరనివ్వండి. పాత కాగితపు ఫోటోలకి మాత్రం మెత్తటి పెన్సిలే సరైనది.

నాలుగుచదరాలు

నాలుగో ప్రశ్న. చదరపు పేజీ, 12 × 12 అంగుళాలు, అందరూ వాడేది అదే. దానికి కారణం లెక్కలోనే ఉంది: 4 × 6 ఫోటోలు ఆరు పెడితే పేజీ సరిగ్గా నిండిపోతుంది. లేదా 4 × 6 నాలుగు, 3 × 4 నాలుగు పెట్టినా నిండుతుంది. జేబులున్న పారదర్శక షీట్లు ఈ రెండు కొలతల్లోనూ దొరుకుతాయి. అలంకారాల మీద మోజు లేదన్నారు కాబట్టి మీకు జేబుల షీట్లే నా సలహా. 4 × 6 జేబుల్లో ఫోటోలు, 3 × 4 జేబుల్లో రాత కార్డులు, టికెట్ కాపీలు. జిగురు పనే ఉండదు, ఒక ఫోటో మార్చాలన్నా ఒక్క నిమిషం. షీట్లు పాలీప్రొపిలీన్‌వి గానీ పాలియెస్టర్‌వి గానీ చూసి తీసుకోండి. కొత్త షవర్ కర్టెన్ లాంటి ఘాటు వాసన కొడితే అది పీవీసీ, వెనక్కి ఇచ్చేయండి.

ఫోటోలు ఎంచడం అసలైన పని, దానికే ఎక్కువ రోజులు పడుతుంది. ముందు మూడు ఫోన్ల ఫోటోలూ ఒక ఫోల్డర్‌లోకి తెచ్చి, తీసిన సమయం ప్రకారం వరస పెట్టండి. దేశం మారి సమయం మారిన యాత్రల్లో ఇక్కడే గందరగోళం వస్తుంది: ఫోన్లు గడియారం మార్చుకుంటాయి, కెమెరా మార్చుకోదు. రెండింటిలోనూ పడిన ఒకే సంఘటన వెతికి, తేడా ఎన్ని గంటల ఎన్ని నిమిషాలో చూసి, కెమెరా ఫోటోలన్నిటికీ ఒకేసారి ఆ తేడా కలపండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల్లో అయితే తీసిన సమయమే ఉండదు, వచ్చిన సమయం ఉంటుంది. సైజు కూడా చాలాసార్లు పొడవు వైపు 1600 పిక్సెళ్ల చుట్టుపక్కలకి కుదించుకుపోతుంది. 4 × 6 ప్రింట్‌కి 300 డీపీఐ లెక్కన 1800 × 1200 పిక్సెళ్లు కావాలి. చిన్న తేడా కంటికి తెలియదు గానీ పెద్ద ప్రింట్ తీస్తే తేలిపోతుంది. తీసినవాళ్లని అడిగి అసలు ఫైలునే డాక్యుమెంట్‌గా తెప్పించుకోండి.

మొదటి విడతలో మసకవి, ఒకేలా ఉన్నవి తీసేయండి. రెండో విడతలో రోజుకి పన్నెండు మిగలాలి. మూడో విడతలో రోజుకి ఆరు నుంచి ఎనిమిది. వారం రోజులకి యాభై ఫోటోలు, పద్నాలుగు పేజీ ముఖాలు, ముందొక మ్యాపు పేజీ, వెనకొక టికెట్ల పేజీ, మొత్తం పదహారు ముఖాలు, అంటే ఎనిమిది షీట్లు. ఇంతకు మించితే చూసేవాళ్లు సగంలో మూసేస్తారు. ఎంచేటప్పుడు అందమైన దృశ్యాల ఫోటోలు తగ్గించుకోండి. ఆ కొండ, ఆ సముద్రం ఎప్పటికీ దొరుకుతాయి. సామాన్లు సర్దుతున్న పెద్దవాళ్లు, బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న పిల్లలు, గది తలుపు నంబరు, చెప్పుల వరస, ఇవి ఇంకెక్కడా దొరకవు.

ప్రింట్ ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఫోన్ ఫోటో కొలత 4:3, ప్రింట్ కొలత 3:2. ఆరు అంగుళాల వెడల్పుకి ఫోన్ ఫోటో ఎత్తు నాలుగున్నర అంగుళాలు వస్తుంది, అందులో అర అంగుళం కోసేస్తారు. గుంపు ఫోటోల్లో పైవరస తలలు, ముందు కూర్చున్నవాళ్ల కాళ్లు పోయేది అందుకే. ముందే మీరే 3:2కి కత్తిరించి చూసుకోండి, లేదా తెల్ల అంచుతో పూర్తి ఫోటో వచ్చేలా చెప్పి ప్రింట్ తీయించండి. ఇంట్లో ఇంక్‌జెట్‌లో తీస్తే 24 గంటలు విడివిడిగా ఆరబెట్టాకే షీట్‌లో పెట్టండి. తొందరపడితే లోపలి ఆవిరి ప్లాస్టిక్ మీద మంచు పట్టినట్టు తెల్లటి పొరగా తేలుతుంది.

రాత కార్డుల గురించి కాస్త గట్టిగా చెప్పాలి. స్క్రాప్‌బుక్‌లో ముందుగా అర్థం కోల్పోయేది ఫోటో కాదు, ఫోటోలో ఉన్నది ఎవరన్న సంగతి. "అత్త, మేము, బీచ్‌లో" అని రాస్తే ఇరవై ఏళ్ల తర్వాత చదివే పిల్లకి ఎవరి అత్తో తెలియదు. మనిషి పూర్తి పేరు, ఎవరికి ఏమవుతారు, అప్పటి వయసు, తేదీ, ఊరు, ఈ ఐదూ ప్రతి రోజు కార్డులోనూ ఉండాలి. వాటి తర్వాత ఒక చిన్న వివరం: ఎక్కిన బండి, ఎన్ని గంటలు ఆలస్యమైంది, పిల్లలు ఏ మాట పట్టుకుని రోజంతా అన్నారు. "చాలా ఆనందంగా గడిపాం" లాంటి వాక్యాలకి చోటు వృథా చేయకండి.

తెలుగులో చేత్తో రాస్తే గీతల మధ్య 8 మిల్లీమీటర్లు వదలండి. 6 అయితే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. 3 × 4 కార్డుని అడ్డంగా పెడితే ఎనిమిది వరసలు, దాదాపు నలభై మాటలు పడతాయి. 0.3 పెన్ను సన్నగా అందంగా కనిపిస్తుంది గానీ గరుకు కార్డు మీద ములికి త్వరగా అరిగిపోతుంది, 0.5 వాడండి.

అట్టపెట్టె

12 × 12 విషయంలో నాకు భిన్నాభిప్రాయం ఉంది. ఇళ్లలో ఉండే స్కానర్ గాజు ఎ4 సైజు, అంటే 210 × 297 మిల్లీమీటర్లు. 12 అంగుళాల పేజీ 305 మిల్లీమీటర్లు. ఏ వైపు పెట్టినా పట్టదు, ప్రతి పేజీనీ నాలుగు ముక్కలుగా స్కాన్ చేసి కలపాలి. బరువు సంగతి కూడా ఉంది: 216 జీఎస్ఎమ్ కాగితం 12 × 12 ఒక్కటి 20 గ్రాములు. పేజీలు దూర్చే పారదర్శక కవరుకి రెండేసి చొప్పున 25 కవర్లు పెడితే ఉత్త కాగితమే కిలో. ఫోటోలు, ప్లాస్టిక్, అట్ట కలిస్తే పిల్లలు ఒళ్లో పెట్టుకుని చూడలేరు. ఎ4 పేజీ అయితే రెండు 4 × 6 ఫోటోలు, ఒక రాత కార్డు హాయిగా పడతాయి, మామూలు అరకి సరిపోతుంది. అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి తలా ఒక కాపీ తీసి ఇవ్వాలనుకుంటే ఎ4 మాత్రమే చేయండి.

నాలుగుచదరాలు

అట్టపెట్టె గారూ, కాపీల మాట నిజమే, ఒప్పుకుంటాను. జేబుల షీట్లలో మాత్రం ఈ ఇబ్బంది రాదు. పేజీని కాదు, ఒక్కో కార్డునీ ఫోటోనీ విడిగా తీసి స్కాన్ చేయవచ్చు. పూర్తి 12 అంగుళాల పేజీ అంటించి చేసేవాళ్లు మీ మాట వినడం మంచిది. వాళ్లు కూడా కవర్‌లో దూర్చకముందే పేజీని కాపీ చేసుకోవాలి. ప్లాస్టిక్ మీద వెలుతురు పడితే సగం పేజీ కనిపించదు. ఫోన్‌తో తీస్తే పేజీని నేల మీద పరిచి, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో దీపాలు పెట్టి, నిట్టనిలువుగా పైనుంచి తీయండి.

ఊరూరా

అందరికీ ధన్యవాదాలు. జేబుల షీట్లతోనే వెళ్తాను, రాత్రే బోర్డింగ్ పాసులన్నీ గోటితో గీసి చూశాను, ఒక్కటి తప్ప అన్నీ థర్మలే. ఆకులు, గవ్వలు, మ్యాపు, పిల్లల బొమ్మలు మిగిలాయి. అవి కూడా ఆల్బమ్‌లోనే పెట్టవచ్చా?

పాతపెట్టె

మ్యాపుతో మొదలుపెడతాను. ఉచితంగా ఇచ్చే మ్యాపుల కాగితం చాలావరకు నాసిరకమే, దాన్ని ఫోటోకి తగలనివ్వకండి. మీరు తిరిగిన భాగాన్ని మాత్రం స్కాన్ చేసి యాసిడ్-ఫ్రీ కాగితం మీద ప్రింట్ తీసి, ఆ ప్రింట్ మీద దారి గీసుకోండి. అసలు మ్యాపుని ఉన్న మడతల మీదే మడిచి చివర ఒక విడి కవర్‌లో పెట్టండి. కొత్త మడత వేస్తే అక్కడ ముందు చిరుగుతుంది. చిరుగులకి టేపు వేయకండి.

స్కెచ్ పెన్ను రంగులు వెలుతురుకి వెలుస్తాయి, తడికి పాకుతాయి. స్కాన్ తీసుకుని అసలుది పాలియెస్టర్ కవర్‌లో ఉంచితే ఆల్బమ్ మూసి ఉన్నంతకాలం రంగు నిలుస్తుంది. మైనపు క్రేయాన్లతో వేసినవి ఉంటే పైన ఒక పల్చటి యాసిడ్-ఫ్రీ కాగితం వేయండి, లేకపోతే మైనం ఎదుటి పేజీకి అంటుతుంది.

ఆకులు పూర్తిగా ఆరాయా లేదా అన్నదే అసలు సంగతి. పైకి ఎండినట్టున్నా ఈనెలో తడి ఉంటుంది, అది చాలు బూజుకి. అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు పేర్చి, మొదటి వారం రోజూ కాగితం మార్చండి. మొత్తం రెండు మూడు వారాలు పడుతుంది. ఆకు పట్టుకుంటే చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఆరాక గాలి చొరని కవర్‌లో మూసి ఫ్రీజర్లో పెట్టండి, లోపల పురుగులూ గుడ్లూ ఉంటే చస్తాయి. మ్యూజియంల్లో మైనస్ 20 డిగ్రీల దగ్గర కనీసం వారం ఉంచుతారు. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 చుట్టుపక్కల ఉంటుంది, తరచూ తెరుస్తాం కూడా, కాబట్టి రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవర్ విప్పకుండా ఒక రోజు ఆగాలి. వెంటనే విప్పితే గాలిలోని తేమ ఆకు మీద నీటి బొట్లుగా దిగుతుంది. ఫోటోలని మాత్రం ఫ్రీజర్ పాలు చేయకండి. ఆకుపచ్చ రంగు ఎలాగూ గోధుమ రంగుకి తిరుగుతుంది, అది ఆపలేం. ఆకుకి విడి జేబు ఇచ్చి, దాని పక్కన ఏ చెట్టుదో, ఎక్కడ రాలిందో రాయండి.

గవ్వలు ఆల్బమ్‌లో వద్దు. ఎంత చిన్నదైనా ఎదుటి ఫోటో మీద గుంట పెడుతుంది. మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు పోయాక ఆరబెట్టి చిన్న పెట్టెలో ఉంచండి, పేజీ మీద వాటి ఫోటో ఒకటి పెట్టండి. చెక్క పెట్టె కన్నా యాసిడ్-ఫ్రీ అట్టపెట్టె నయం, కొన్ని చెక్కల నుంచి వచ్చే ఆమ్ల ఆవిరి గవ్వల మీద తెల్లటి బూడిద లాంటి పూత తెస్తుంది. ఇసుక రేణువు ఒక్కటి కవర్ లోపల ఉన్నా పేజీ తిప్పినప్పుడల్లా ఫోటోని గీస్తుంది. సముద్రపు ఒడ్డున తిరిగిన కాగితాలన్నిటినీ మెత్తటి కుంచెతో దులిపాకే లోపల పెట్టండి.

అట్టపెట్టె

నాణేల మాట మీరు అడగలేదు గానీ యాత్ర ఆల్బమ్‌లలో అవి తరచూ కనిపిస్తాయి. అవి కూడా పెట్టెలోకే. పీవీసీ జేబులో ఉంచిన రాగి నాణెం మీద పచ్చటి జిడ్డు పుడుతుంది, అది పక్క కాగితానికి కూడా పాకుతుంది.

ఊరూరా

చివరిగా ఒక్కటి. పూర్తయ్యాక ఆల్బమ్ ఎక్కడ పెట్టాలి? నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?

కత్తెర_కాగితం

మర మేకులతో బిగించే ఆల్బమ్ అయితే పడుకోబెట్టండి. నిలబెడితే పేజీల బరువంతా రంధ్రాల మీద పడి అవి సాగుతాయి. డి ఆకారపు రింగులది అయితే పెట్టెలో నిలబెట్టవచ్చు, పక్కకి వాలకుండా రెండు వైపులా ఆసరా ఉండాలి. పడుకోబెట్టినా ఒకదాని మీద ఒకటి మూడుకి మించి పేర్చకండి.

చోటు విషయానికొస్తే అటక, బాత్రూమ్ గోడకి ఆనుకున్న అలమర, నేల మీద పెట్టె, ఈ మూడూ వద్దు. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది, 65 దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజు మొదలవుతుంది. చిన్న తేమ మీటరు ఒకటి అదే అరలో పెడితే ఊహించుకునే పని ఉండదు. సిలికా జెల్ పొట్లాలు మూత బిగుతుగా ఉన్న పెట్టెలోనే పనిచేస్తాయి, తెరిచి ఉన్న అరలో రెండు రోజుల్లో నిండిపోయి ఊరికే పడి ఉంటాయి. తేమ ఎక్కువున్న కాలంలో నెలకి ఒకసారి ఆల్బమ్ తీసి పేజీలన్నీ తిప్పండి. సిల్వర్‌ఫిష్ పురుగులకి జిగురన్నా గంజి పూసిన కాగితమన్నా ఇష్టం. పేజీ అంచుల్లో చెక్కేసినట్టు గరుకుగా కనిపిస్తే, ఆ అర మొత్తం ఖాళీ చేసి మూలలు తుడవాలి, ఆల్బమ్ ఒక్కటీ దులిపితే సరిపోదు.

స్కాన్లన్నీ రెండు చోట్ల ఉంచండి, వాటిలో ఒకటి మీ ఇంట్లో కాకుండా ఉండాలి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆ తర్వాత ఊరు పెడితే ఏ కంప్యూటర్‌లోనైనా వాటంతటవే వరసగా నిలబడతాయి.